కాచుట, పాలించుట, అప్పగించుట

(గ్రంథాలయ వార్షికసభలో చేసిన స్మారకోపన్యాసపు ముద్రితపాఠము)



ఎవరి స్మృత్యర్థమై మనమీ సాయంకాలము ఇచ్చట కూడితిమో, ఆ పెద్దమనిషి పేరు ఈ ఉపన్యాసమునకు పెట్టబడలేదు. ఆహ్వానపత్రికలో 'పూర్వకార్యదర్శి స్మారకోపన్యాసము' అని మాత్రమే ఉన్నది. తన పేరు గోడమీదగాని, శిలాఫలకముమీదగాని, సభకుగాని పెట్టవలదని ఆయన చివరిదినములలో కోరియుండుటచేత కార్యవర్గమువారు ఆ కోరికను అక్షరాల పాటించుచున్నారు, నేనును పాటించెదను. ఆయనను ఎరిగినవారికి పేరుతో పనిలేదు. ఎరుగనివారికి ఆయన చేసిన పని చెప్పిన చాలును.

నేను పదేండ్ల పిల్లవాడనుగా ఈ గ్రంథాలయపు గడప తొక్కిన మొదటిదినమున ఆయన నేలమీద కూర్చుండి పుస్తకము కుట్టుచుండెను. పక్కన చిన్నగిన్నెలో, మైదాపిండి ఉడికించి మైలుతుత్తము కలిపిన జిగురుండెను. పురుగు పట్టకుండుటకు ఆ తుత్తము. విడిపోయిన కాగితములను ఒక్కొక్కటిగా అంచులు సరిచూచి, దబ్బనముతో తూట్లు పొడిచి, మైనము రాచిన దారముతో కుట్టి, అట్ట అంటించి, దానిపై రాతిపలక బరువుపెట్టినపిదప నావైపు చూచి, "ఇదిగో అబ్బాయీ, ఈ పుస్తకం నీదీ కాదు, నాదీ కాదు. నీ తరువాత చదవబోయేవాడిది. వాడింకా పుట్టి ఉండడు. అది గుర్తుపెట్టుకుని పేజీలు తిప్పు" అనిరి. ఆ మాటకు అర్థము నాకప్పుడు తెలియలేదు. పెద్దవాడనైన తరువాత అనేకగ్రంథములలో వెదకి వెదకి, ఆ అర్థమునే విస్తరించి చెప్పుటకు ఇప్పుడు మీయెదుట నిలిచియున్నాను.

ఆయన రిజిస్టరులో 'పోయినవి' అని ఒక గడి ఉండెడిది. అందులో ఒకచోట ఆయన స్వహస్తముతో ఇట్లున్నది: ఎలుక కొట్టినది, బీరువా తలుపుసందు పూడ్పించకపోవుట నా తప్పు, వెల చెల్లించితిని. ఎలుక చేసిన తప్పునకు మనుష్యుడు వెల కట్టుట విడ్డూరముగా తోచవచ్చును. కాని ఆయన దృష్టిలో తప్పు ఎలుకది కాదు. సందు చూడవలసిన కంటిది.

ఇట్టి నడవడికి తెలుగులో పేరేమి? ఇంగ్లీషువారు దీనిని స్టూవార్డ్‌షిప్ అందురు. ఆ పదముయొక్క పురాతనరూపమును విప్పిచూచిన ఇల్లు, కావలి అను రెండుమాటలు బయటపడును. ఇంటిని కాచువాడని దానికర్థము. తెలుగు బైబిలులో దానికి గృహనిర్వాహకుడు, గృహనిర్వాహకత్వము అను పదములను స్థిరపరచిరి. లూకా సువార్తలో, ధనికుడు తన గృహనిర్వాహకుని పిలిచి లెక్క అడిగిన కథ మన క్రైస్తవసోదరులందరికి కంఠస్థమే. సంస్థానములలో దివాను ఉండెడివాడు, పారుపత్యగాడుండెడివాడు. దేవాలయములకు ధర్మకర్తలు, సంఘములకు కార్యదర్శులు, ఆఫీసులకు నిర్వాహకులు కలరు. ఇవియన్నియు పదవుల పేర్లు. కాని నేను వెదకునది పదవి కాదు, గుణము. ఆ గుణమునకు మన భాషలో నామవాచకము ఒక్కటి దొరకదు గాని, క్రియలు మూడు దొరకును: కాచుట, పాలించుట, అప్పగించుట. నామవాచకము కుర్చీలో కూర్చుండును. క్రియ పని చేయును. తెలుగువాడు ఈ గుణమును క్రియలలో నిక్షేపించుట నాకు శుభసూచకముగనే తోచుచున్నది.

మొదట కాచుట. ఈ చిన్నక్రియ ఎన్ని పనులు చేయుచున్నదో చూడుడు. రైతు చేను కాచును, పిల్లవాడు పసులను కాచును, తల్లి పాలు కాచును, చెట్టు కాచును, వెన్నెల కాచును, ముసలివారు నెగడువద్ద చలి కాచుకొందురు, భక్తుడు తన తప్పు కాయుమని దేవుని వేడుకొనును. వైయాకరణులు వీనిని వేర్వేరు ధాతువులుగా విభజింపవచ్చును. వారి శాస్త్రము వారిది. కాని పలుకువాని నోట ఇవియన్నియు ఒక్కటే మాట. రక్షించుట, ఫలించుట, ప్రకాశించుట, పక్వపరచుట, క్షమించుట అను ఐదింటిని ఒక్కమాటలో మూటగట్టిన జాతికి, వస్తువును తాళము వేసి దాచుటయే రక్షణ కాదని వేరుగా బోధింపనక్కరలేదు. పొయ్యిమీద పాలు పెట్టిన ఇల్లాలిని గమనింపుడు. ఆమె పాలతో పోరాడదు, వానిని శాసింపదు. మంట తగ్గించుచు, గరిటె కదపుచు, కన్ను మరల్పక నిలిచియుండును. ఒక్క క్షణము ఏమరిన పాలు పొంగి పొయ్యిపాలగును. జొన్నచేనిలో మంచెయెక్కి ఒడిసెల పట్టుకొని తెల్లవారకమునుపే పిట్టలను తోలువాని పనియు ఇట్టిదే. ఆ చేను అతనిది కాకపోవచ్చును. మెలకువ మాత్రము అతనిదే.

ఈ క్రియకు పుట్టిన సంతానము కూడ ఘనమైనది: కాపు, కాపరి, కావలి, కాపుదల. కాపురమను మాటను సైతము ఈ కుటుంబములోనే చేర్చుదురు. భూమిని దున్నువానిని కాపు అనుటలో, అతడు మన్నునకు యజమానుడని కాక మన్నును కాచువాడని భావము తొంగిచూచుచున్నది. ఈ ధర్మము చెడినప్పుడు కలుగు వేదనకును మనవారు ఒక సామెత పుట్టించిరి: కంచె చేను మేసిన కాచువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము లేదు. సమాధానము లేకుండుటయే ఆ సామెత బలము.

ఇక అప్పగించుట. తెలుగు పెండ్లిలో కన్నులు చెమర్పని ఘట్టము లేదు గాని, చివర జరుగు అప్పగింతలకు గుండె చెరువుకానివాడు ఉండడు. పళ్ళెములో పాలు పోసి, వధువు చేతులను ఆ పాలలో తడిపి అత్తమామల చేతులలో పెట్టుదురు. అప్పుడు తండ్రి పలుకు మాటలలో హక్కు బదలాయింపు లేదు. "మా పిల్లను మీ పిల్లలా చూసుకోండి" అను ప్రార్థన కలదు. పొరుగూరు పోవునప్పుడు ఇంటి తాళపుచెవి పొరుగమ్మ చేతిలో పెట్టి "వదినా, ఇల్లు కాస్త కనిపెట్టుకుని ఉండు" అనుట అప్పగింతయే. ఇచ్చినవస్తువు ఇచ్చినవారిదిగనే ఉండును. పుచ్చుకొన్నవారికి సంక్రమించునది బాధ్యత ఒక్కటే. దీనికి మారుకొస అప్పజెప్పుట. లెక్క అప్పజెప్పుదుము, తాళములు అప్పజెప్పుదుము, అంతకంటె చక్కనిది, పాఠము అప్పజెప్పుదుము. గురువు ఇచ్చిన పద్యమును పిల్లవాడు మరునాడు చేతులు కట్టుకొని, ఒక్క అక్షరము జారకుండ, ఆయనకే తిరిగి ఇచ్చుచున్నాడు. అయినను ఆ పద్యము పిల్లవానివద్ద తరుగలేదు. పైగా వాని సొత్తయినది. అప్పజెప్పుటచేత పోగొట్టుకొనునది ఏమియు లేదని మనకు వీధిబడిలోనే నేర్పిరి.

సంస్కృతమున దీనికి న్యాసమని పేరు. ఒకరి వస్తువును నమ్మకముతో మరియొకరివద్ద ఉంచుట న్యాసము. శ్రీమద్రామాయణమున భరతుడు అయోధ్యారాజ్యమును ఇట్టి న్యాసముగనే భావించెను. పాదుకలను సింహాసనముపై నిలిపి, తాను నందిగ్రామమున నారచీరలు ధరించి పదునాలుగేండ్లు రాజ్యకార్యములు నడపినాడని అందరెరుగుదురు. కాని కథకులు త్వరగా దాటిపోవు ఘట్టమొకటి యుద్ధకాండ చివర కలదు. రాముడు తిరిగివచ్చినప్పుడు భరతుడు పాదుకలు తొడిగి కౌగిలించుకొనుటతో ఊరకుండలేదు. రాజ్యమను న్యాసమును తిరిగి ఇచ్చుచున్నానని చెప్పి, కోశమును, ధాన్యాగారమును, పురమును, సైన్యమును స్వయముగా చూచుకొనుమని, అవియన్నియు రాముని తేజస్సువలన పదింతలైనవని నివేదించెను. ఇందులో మూడు సంగతులున్నవి. పుచ్చుకొన్నది తనది కాదనుకొనెను, అయినను పెంచెను, అన్నగారు అడుగకమునుపే లెక్క చెప్పెను. ప్రేమ ఉన్నచోట లెక్క ఎందుకని మనలో చాలమంది అందురు. భరతునికంటె ప్రేమ గలవాడెవడు? అతడే లెక్క చెప్పినప్పుడు మనమెంతవారము?

మూడవది పాలించుట, ఈనాడు నా మనస్సును ఎక్కువగా కలచునది ఈ మాట. పాలన యనగా నేడు ప్రభుత్వము, అధికారము, ఆజ్ఞ. కాని ఆంధ్రదేశపు శాసనములను చదివినవారికి దీని పూర్వార్థము వేరుగా కనబడును. రాజులు అగ్రహారములు, మాన్యములు, చెరువులు ఇచ్చి శాసనము చెక్కించినపిదప చివర కొన్ని సంస్కృతశ్లోకములు చేర్చు ఆచారముండెను. వానిలో తరచుగా కనబడునొక శ్లోకపు భావమిది: దానము చేయుట, పాలించుట అను రెండింటిలో దానముకంటె పాలనమే శ్రేష్ఠము, దానమువలన స్వర్గము, పాలనమువలన అచ్యుతపదము కలుగును. పాలనమనగా ఇచ్చట ఏలుట కాదు; పూర్వులు ఇచ్చినదానిని చెడకుండ నిలుపుట. ఇచ్చువానికి కీర్తి, శిల, పద్యము దొరకును. నిలుపువానికి ఏదియు దొరకదు. అందుచేతనే కాబోలు, పెద్దలు వాని పుణ్యమును పైమెట్టున నిలిపిరి.

కడపజిల్లా పోరుమామిళ్ళలో 1369వ సంవత్సరపు చెరువు శాసనమొకటి కలదు. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడను రాజు, అనంతరాజసాగరమను ఆ తటాకమును వేయిమంది కూలీలతో, నూరు బండ్లతో, రెండు సంవత్సరములలో కట్టించినట్లు అందు చెప్పబడినది. అంతటితో ఆగక ఆ శాసనము మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను వివరించుచున్నది. గట్టు ఊరుట ఒక దోషము. రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట మరియొక దోషము. ఈ రెండవదానిని వినినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. నీరు నిలుచుటకు రాయి, మన్ను చాలవు. దీనికి మేమే బాధ్యులమని చెప్పువారు స్పష్టముగా ఉండవలెనని ఆ శిల్పులకు ఆరువందల యేండ్లకు పూర్వమే తెలిసియుండెను.

చెరువు కట్టించినది రాజు, బ్రతికించినది వేరొకడు. తెలంగాణమున అతనిని నీరటి అందురు. రాయలసీమప్రాంతమున నీరుగంటి యని వ్యవహారము. చెరువు అతనిది కాదు; ఆయకట్టులో అతనికుండు పొలము స్వల్పము; కల్లమువద్ద రైతులు కొలిచి ఇచ్చు మేర అతని జీవనాధారము. పార భుజమున వేసికొని, తెల్లవారుజామున గట్టుమీద నడచి, ఎలుకబొక్కలు పూడ్చి, తూము ఎంత ఎత్తవలెనో, ఏ కాలువకు ఎన్ని గడియలు నీరు విడువవలెనో నిర్ణయించువాడతడు. గొప్పయింటి మడి తూముపక్కనే ఉండును. బీదవాని మడి కాలువచివర ఉండును. నీరటి మంచివాడా కాడా యని తెలిసికొనుటకు ఊరివారు తూముదగ్గర చూడరు, చివరిమడిలో చూతురు. అక్కడి నాటు పచ్చగా ఉన్న అతని చేయి మంచిది. పాలన యను మాటకు నేనెరిగిన నిర్వచనములలో దీనికంటె కచ్చితమైనది లేదు. అట్టి చెరువుల గట్టులు, తూములు చక్కబెట్టుటకని దశబంధమను ఇనాములుండెడివి. గట్టు చూడవలసినవాడు గట్టు మరచి ఇనామును మాత్రము అనుభవించిన ఊళ్లలో చెరువులు పూడిపోయినవి.

దేవాలయముల సంగతి చూతము. ధర్మకర్త యనగా ధర్మమును చేయువాడు. ఆలయమునకు కర్త కాడు. తిరుమల దేవస్థానమును ఈస్టిండియా కంపెనీవారు తమ చేతినుండి వదలుకొని 1843లో హథీరాంజీ మఠపు మహంతులకు అప్పగించినప్పుడు, మహంతులకు ఏర్పడిన పేరు విచారణకర్తలు. విచారణ యన్నది ఎంత చక్కని మాట! అందులో ఆలోచన కలదు, ఆరా కలదు, యోగక్షేమములు కనుగొనుట కలదు. "మమ్మల్ని విచారించేవారే లేరు" అని పల్లెటూరి ముసలమ్మ వాపోవునప్పుడు ఆమె కోరునది న్యాయస్థానపు విచారణ కాదు, ఆదరణ. 1932నాటి చట్టముననుసరించి 1933లో పరిపాలన సంఘము చేతికి మారినది. తరువాత ధర్మకర్తల మండలి యను పేరు వాడుకకు వచ్చినది. నేడు పత్రికలు తరచుగా దానినే పాలకమండలి యని వ్రాయుచున్నవి. పాలక శబ్దమునకు పూర్వార్థము నిలిచియున్నచో నాకు ఆక్షేపణ లేదు; కాని చదువువాని చెవికి అది ఏలువారి మండలిగా వినబడుచున్నది. ఆ దేవస్థానముననే వేరొకవైపు చూడుడు: కానుకలు లెక్కించు పరకామణిలో కూర్చుండువారు ఒంటిమీద సాదా పంచెతో, జేబు లేకుండ కూర్చుందురు. ఇతరుల సొమ్ము తాకు చేతికి జేబు ఉండరాదను నియమమును మించిన వ్యాఖ్యానము ధర్మకర్త శబ్దమునకు అక్కరలేదు.

ఇచ్చట మీలో కొందరికి భద్రాచల రామదాసు జ్ఞప్తికి వచ్చియుండును. గోలకొండ ప్రభువైన తానీషా కొలువులో తహశీలుదారుగా ఉండి, వసూలైన పన్నులసొమ్మును రామాలయమునకు వెచ్చించి చెరసాలపాలైన ఆ మహాభక్తుని తెలుగుజాతి ఎంతగా ప్రేమించినదో చెప్పనక్కరలేదు. కాని ఆ కథ ముగింపును నిదానముగా తలపోయుడు. భక్తుని విడిపించుటకు రామలక్ష్మణులు చెరసాల తలుపులు బ్రద్దలుకొట్టలేదు. సర్కారుకు చేరవలసిన ఆరులక్షలను తానీషాకు ముట్టజెప్పి రసీదు పుచ్చుకొనిరని కథ. మన జానపదహృదయము భక్తుని ఎత్తుకొని ముద్దాడినది గాని, లెక్కను మాఫీ చేయలేదు. సాక్షాత్తు దేవునిచేతనే బాకీ తీర్పించినది.

గాంధీమహాత్ముడు ఈ భావమునకు మనకాలమున నూతనప్రాణము పోసిరి. దక్షిణాఫ్రికాలో భగవద్గీతను మననము చేయుచు అపరిగ్రహమను మాటవద్ద ఆయన ఆగిపోయిరి. అంతకుముందు లండనులో న్యాయశాస్త్రము చదివినప్పటి స్నెల్ పండితుని గ్రంథము అప్పుడు జ్ఞాపకమునకు వచ్చి, ట్రస్టీ యను పదమునకు అర్థము గీతావెలుగున స్పష్టమైనదని తమ ఆత్మకథలో వ్రాసికొనిరి. చేతిలో ఎంత ఆస్తియున్నను అందులో రవ్వంతయు తనది కాదనుకొనువాడే ట్రస్టీ. తెలుగువారు దీనికి ధర్మకర్తృత్వమని పేరుపెట్టిరి. ఆయన అడుగుజాడలలో వినోబా భావే 1951 ఏప్రిల్ 18న నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లికి రాగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరు ఎకరములు దానమిచ్చిరి. భూదానోద్యమము అచ్చట పుట్టినది. ఆ దానముయొక్క ఘనత చరిత్రకెక్కినది. కాని ఆ ఉద్యమమున లభించిన భూములలో అనేకము పేదవానికి చేరక అన్యాక్రాంతమైన మాటయు నిజమే. శాసనశ్లోకము చెప్పినదే జరిగినది: దానము చేయువారు దొరికిరి, పాలించువారు చాలలేదు.

భాష తనంతట తాను చెడదు. నడవడి చెడిన వెనుక చెడును. కాపు అను మాట కులనామముగా నిలిచి కాపలా మరుగునపడినది. పాలన యను మాట కుర్చీ యెక్కినది. ధర్మకర్త పదము గౌరవచిహ్నమై ఆహ్వానపత్రికలలో చేరినది. అయినను మన ఇండ్లలో, వీధులలో, పొలములలో ఆ మాటలకు ప్రాణము పోలేదు. "చూసుకో", "కనిపెట్టుకుని ఉండు", "నీకప్పగించాను", "లెక్క అప్పజెప్పు" అని నిత్యము మనము పలుకు మాటలలో భరతుడున్నాడు, నీరటి యున్నాడు, పాలుకాచు ఇల్లాలున్నది. నిఘంటువులో కొత్తపదము చేర్చుటకంటె, ఇంటిలోనున్న ఈ మాటలను పంచాయతీకచేరీకి, సహకారసంఘమునకు, పాఠశాలకు, దేవాలయమునకు తీసికొనిపోవుట మనకు తక్షణకర్తవ్యము. పదవి చేపట్టు ప్రతివారిని "ఏమి ఏలెదరు?" అని కాక, "ఏమి పుచ్చుకొనుచున్నారు, ఎట్లు అప్పజెప్పెదరు?" అని అడుగుట మనము నేర్వవలెను.

చివరిమాట. మన పూర్వకార్యదర్శిగారికి కంటిచూపు మందగించిన ఏడు, ఆయన తరువాతి కార్యదర్శిని పిలిపించి ఈ హాలులోనే కూర్చుండబెట్టి, బీరువా బీరువాకు పుస్తకములు బయటకు తీయించి, రిజిస్టరులోని ప్రతి వరుసకు ఎదుట టిక్కు పెట్టించిరి. ఆ పని మూడుదినములు సాగినది, నేను పుస్తకములందించితిని. మూడు గ్రంథములు తక్కువ వచ్చినవి. అవి ఎవరి ఇండ్లలో ఉన్నవో ఆయనకు తెలియును. ఆ పేర్లు చెప్పి, తెచ్చువరకు పూచీ తనదని వ్రాయించి, కింద వ్రేలుముద్రవలె వంకరపోయిన సంతకము చేసి, తాళపుగుత్తి ఆ యువకుని చేతిలో పెట్టిరి. "ఇక నేను హాయిగా పాఠకుణ్ణి" అనిరి. ఆ వేసవి గడచులోపల మూడు పుస్తకములును తిరిగి వచ్చినవి.

ఆ రిజిస్టరు నేటికిని ఈ భవనములో ఉత్తరపుగోడనానుకొనియున్న బీరువాలో రెండవ అరలో ఉన్నది. అడిగినవారికి కార్యదర్శిగారు చూపుదురు.